ముడి విప్పని కత్తి

ఒక కత్తి బరువు నేను కొన్నేళ్ళుగా మోస్తున్నాను. కంగారు పడకండి, దానితో ఎవరినీ ఏమీ చెయ్యలేదు. అసలు దాన్ని బయటికే తియ్యలేదు. తియ్యకపోవడమే నా తప్పు. మా ఆవిడకి ఈ సంగతి తెలియదు. మా చర్చి సంఘంలో సాక్ష్యాలు చెప్పమన్న ప్రతి ఆదివారం లేచి నిలబడదామనుకుంటాను. ఎదుట మనుషులుంటే వాళ్ళ మొహాలు చూస్తాను, ఎవరు నా గురించి ఏమనుకుంటున్నారో వెతుకుతాను, ఈలోగా పాట అందుకుంటారు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ముందు నా బుద్ధి సంగతి చెప్పాలి. నాకు అనుమానం ఎక్కువ. పోర్టు గేటు దగ్గర కంటైనర్లకి వేసిన సీళ్ళు చూసే ఉద్యోగం నాది. సీలు తెగిందా, తెగినదాన్ని తెగనట్టు ఎవడైనా అతికించాడా, చూసి లారీని లోపలికి వదలాలి. ఇంటికొచ్చినా ఆ చూపు పోదు. పాల ప్యాకెట్టు అంచు చూస్తాను. మందుసీసా మూత చూస్తాను. "నన్ను కూడా ఓసారి సూసి లోనికొదులు" అంటుంది మా ఆవిడ. నవ్వుతాను. నవ్వుతూనే ఆవిడ మొహంలోకి ఒకసారి చూస్తాను. అంత పాడు బుద్ధి.

ఖాదర్ నాకు చిన్ననాటి స్నేహితుడు. పాత ఊరు అనే పేటలో వాళ్ళ నాన్న పెట్టిన మాంసం కొట్టు నడుపుతున్నాడు. అతను ముసల్మాను, నేను క్రైస్తవుణ్ణి, మాకు బావా అన్నదే పిలుపు. అతని దగ్గర మాంసం తీసుకెళ్ళే వాళ్ళలో ఇద్రీస్ అని ఒక ఇథియోపియా ముసల్మాను ఉండేవాడు. వాళ్ళ దేశం నుంచి చదువులకి వచ్చిన పిల్లల కోసం తగరపువలస వైపు హైవే పక్కన చిన్న హోటల్ పెట్టుకున్నాడు. "బావా, ఆళ్ళ తిండి ఏటో ఓసారి సూసొద్దాం" అన్నాడు ఖాదర్. తిండి దగ్గర అతను అంతే. ఎక్కడ కొత్త వాసన వస్తే అక్కడికి స్కూటర్ తిప్పుతాడు.

వెళ్ళాం. పెద్ద పళ్ళెం నిండా పరిచిన ఒకే ఒక్క అట్టు, దాని మీద కుప్పలు కుప్పలుగా కూరలు, చుట్టూ కూర్చుని అందరూ అందులోనే తినడం. ఆ అట్టుని ఇంజెర అంటారు. మన పుల్లట్టు కన్నా పులుపు, ఒళ్ళంతా కళ్ళు. నేను ఒక ముక్క తుంచి వాసన చూశాను. పిండి పాడైపోయి ఉంటుందని నా అనుమానం. ఖాదర్ అప్పటికే సగం లాగించేశాడు. "ఏటి బావా అలా సూత్తన్నావ్? ఇది పోర్టు గేటు కాదు, తిను" అన్నాడు. తిన్నాను. బాగుంది. బాగుందని వెంటనే ఒప్పుకోవడం కూడా నాకు చేతకాదు.

ఆ తర్వాత అదొక పిచ్చి అయిపోయింది మాకు. ఈ ఊళ్ళో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి, అన్నిటికన్నా ఏది బాగుంటుంది, అది తేల్చాలి. ఆదివారం నేను గుడి నుంచి రావడం, అతను కొట్టు కట్టెయ్యడం, ఇద్దరం బయల్దేరడం. యూనివర్సిటీ దగ్గర ఒక మేడ మీద కుర్రాళ్ళు వండిపెట్టే గది ఒకటి. బీచ్ వైపు ఏసీ పెట్టి, స్పూన్లు పెట్టి, తొందర్లోనే మూసేసిన హోటల్ ఒకటి. ఆ మేడ మీద గదిలో ఇంజెర రంగు చూసి, ఇది వాళ్ళ గింజ కాదు, మన చోడిపిండి, అదే రాగిపిండి, కలిపారని నేనే పట్టేశాను. కుర్రాళ్ళు సిగ్గుపడుతూ ఒప్పుకున్నారు. వాళ్ళ తెఫ్ గింజ ఇక్కడ దొరకదట, ఎవరైనా ఊరి నుంచి వస్తూ తెస్తేనే. దాచిందేమీ లేదు, అడిగితే చెప్పేవారు. నేను మాత్రం దొంగని పట్టుకున్నట్టు పొంగిపోయాను.

చివరికి దొరికింది సీతమ్మధారలో. బోర్డు లేదు. ఒక ఇంటి కింది వాటా. ఆల్మాజ్ అనే ఇథియోపియా క్రైస్తవురాలు ముందు గదిలో వండి వడ్డించేది. భర్త ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూ, ఆ పని మీదే వాళ్ళ దేశం వెళ్ళి ఉన్నాడు. ఆవిడ కాయగూరల బళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు మన ఉత్తరాంధ్ర తెలుగే. నన్ను అన్నయ్యా అనేది, ఖాదర్‌ని కూడా అన్నయ్యా అనేది. శనగపిండితో చేసిన కూర, ఎర్ర కందిపప్పు, ఆకుకూర, అంతే. మాంసం ఉండేది కాదు. తిన్నాక మన ఎదురుగానే కాఫీ గింజలు వేయించి, దంచి, సాంబ్రాణి వేసి, చిన్న కప్పుల్లో మూడు సార్లు పోసేది. మూడోదాని పేరు బరకా, దీవెన అని చెప్పింది. "బర్కత్! మా మాటే బావా!" అని ఖాదర్ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. బయటికొచ్చి స్కూటర్ స్టార్ట్ చెయ్యకుండానే ఇద్దరం తేల్చేశాం. ఇదే. ఇంక వెతకక్కర్లేదు.

అలాంటి చోట కూడా నా బుద్ధి ఊరుకోలేదు. మాంసం ఎందుకు వండదు? డబ్బులకా? ఏదైనా దాస్తోందా? ఒకరోజు ఆవిడ లోపలికి వెళ్ళినప్పుడు గిన్నె మూత తీసి చూశాను. పప్పే. ఖాదర్ సిగ్గుతో తల దించుకున్నాడు. ఆ రోజే, నా పని కప్పిపుచ్చడానికేమో, "సెల్లెమ్మా, మీ పండక్కి మా కొట్టు కాడ్నుంచి మాంసం అంపుతాను, మన ఇంట్లోదే అనుకో" అన్నాడు. ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని వద్దంది. నవ్వుతూనే వద్దంది. ఖాదర్ కూడా నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. ఓహో, ఇదన్నమాట, అనుకున్నాను. నా స్నేహితుడు ముసల్మాను అని ఈవిడకి చిన్నచూపు. పైకి అన్నయ్యా, లోపల ఇది. ఆ మాట నాలో ముల్లులా దిగింది.

వాళ్ళ ఈస్టరు మామూలుగా మాదాని తర్వాత వస్తుంది. దానికి ముందు రెండు నెలల దాకా మాంసం, పాలు, గుడ్డు ఏవీ ముట్టరు. ఆ ఉపవాసం అయిపోవస్తుండగా ఒక మధ్యాహ్నం, ఖాదర్ స్కూటర్ తియ్యడానికి వెళ్ళినప్పుడు, ఆల్మాజ్ నన్ను ఆపింది.

"అన్నయ్యా, నువ్వు క్రిస్టియనే కదా?"

"అవునమ్మా."

"కోడి కొయ్యడం వచ్చా? మా ఇంట్లో మగోళ్ళే కొయ్యాలి. ఈయన లేడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అని చెప్పి కొయ్యాలి. ఇక్కడ దొరికే మాంసం మేం తినం. మా దేశం పిల్లలందరూ పండక్కొస్తారు. నువ్వు కోస్తావా?"

"ఓ, దానికేం భాగ్యం! కోసేస్తాను."

ఎందుకన్నాను ఆ మాట? నా జన్మలో నేను కోడిని కోసింది లేదు. మా ఇంట్లో ఏ పండక్కైనా ఖాదరే. మా నాన్న కూడా వాళ్ళ నాన్న దగ్గరే కొనేవాడు. మా క్రైస్తవులెవరూ మాంసం ఎవరు కోశారని అడగరు, ఆ ప్రశ్న ఒకటుంటుందని కూడా నాకు తెలియదు. రాదమ్మా అంటే సరిపోయేది. ఒక ఆడమనిషి ముందు, కోడిని కొయ్యడం రాదని చెప్పడానికి నామోషీ వేసింది. అంతే. ఇంత చిన్న నామోషీ.

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక కత్తి తెచ్చింది. వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్నదట, ఈ పనికి తప్ప దేనికీ వాడరట. నూనె రాసి, తెల్లటి గుడ్డలో చుట్టి, నా ఎదురుగానే ముడి వేసింది. రెండుసార్లు మెలితిప్పి, కొసని లోపలికి దోపి. నా చేతిలో పెట్టి, రెండు చేతులతో నా చేతిని మూసింది.

పండగ ముందురోజు పొద్దున్న, ఆవిడ పంపించిన కోళ్ళు కంచరపాలెంలో మా పెరట్లో ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకున్నాను. అరిచేతి కింద దాని గుండె కొట్టుకుంటోంది. వెచ్చగా ఉంది. నా వల్ల కాదని కింద వదిలేశాను. కత్తి బీరువా మీదే ఉంది. దాన్ని తియ్యడానికి కూడా లోపలికి వెళ్ళలేదు. కోళ్ళని సంచిలో వేసుకుని తిన్నగా పాత ఊరికి వెళ్ళిపోయాను.

"సుట్టాలొచ్చారేటి బావా?" అన్నాడు ఖాదర్.

"ఆ. ఇంటికే."

"ఇంటికైతే నాకు ముందే సెప్పొచ్చు కదా, మంచి కోళ్ళు నానే ఉంచుదును. ఇవేటి, ఇంత బక్కగా ఉన్నాయ్. తే ఇలాగ."

పట్టుకుని, పెదాల మధ్య బిస్మిల్లా అనుకుని, కోశాడు. ఎప్పుడూ చేసేదే. శుభ్రంగా ముక్కలు కొట్టి ఇచ్చాడు. నేను దాన్ని తీసుకెళ్ళి ఆల్మాజ్‌కి ఇచ్చాను.

భయం వల్ల చేశానా? అవును. భయం ఒక్కటేనా? ఇక్కడే నేను చాలా రోజులు నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను. పాత ఊరికి వెళ్ళే దారిలో నాకు ఒక పాడు సంతోషం కలిగిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఖాదర్ చెయ్యి పనికిరాదన్నావు కదా, ఇప్పుడు తిను చూద్దాం, అనుకున్నాను. నా స్నేహితుడి తరఫున పగ తీర్చుకుంటున్నానని అనుకున్నాను. ఆ స్నేహితుడు నన్ను అలా చెయ్యమన్నాడా? అతనికి తెలిస్తే కోసేవాడా? ఛస్తే కొయ్యడు. అతనికి చెప్పకుండా అతని చేతులు వాడుకున్నాను.

పండగ రోజు ఆ గది నిండా పిల్లలు. అంతమంది ఒకచోట చేరి మాంసం తినడం, ఈ దేశం వచ్చాక వాళ్ళలో కొందరికి అదే మొదటిసారట. వాళ్ళు దోరో వత్ అంటారు, ఎర్రటి చిక్కటి కోడికూర, అందులో ఉడికిన గుడ్లు. ఒకమ్మాయి తింటూ తింటూ ఏడ్చేసింది, వాళ్ళమ్మ గుర్తొచ్చి. ఆల్మాజ్ మొదటి ముద్ద చుట్టి నా దగ్గరికొచ్చింది. ఇష్టమైన వాళ్ళ నోట్లో చేత్తో ముద్ద పెట్టడం వాళ్ళ మర్యాద. "నువ్వే కోశావు కదా అన్నయ్యా?" అంది. నేనే అన్నాను. నోట్లో పెట్టింది. మింగాను. ఖాదర్ అప్పుడే వచ్చి పక్కన కూర్చున్నాడు. మాంసం తన కొట్టులో కోసిందేనని అతనికి తెలియదు, క్రైస్తవుడెవరో కోసిందని తినలేదు. "నాను పప్పే తింటాను సెల్లెమ్మా, వాసనకే కడుపు నిండిపోతంది" అని, తను కోసిన కోడి కూర పక్కనే కూర్చుని పప్పు తిన్నాడు. ఇద్దరు మంచి మనుషులు, ఒకే పళ్ళెం, మధ్యలో నేను.

అక్కడితో ఆగి ఉంటే ఒక తప్పు. ఆగలేదు. ఆల్మాజ్ ఇంట్లో క్రైస్తవుడు కోసిన మాంసం దొరుకుతుందని మాట పాకింది. తగరపువలస కాలేజీల నుంచి కూడా పిల్లలు బస్సెక్కి వచ్చేవారు. వాళ్ళందరికీ ఇష్టమైన చోటు అదే అయింది. ప్రతిసారీ కోళ్ళు నా దగ్గరికి, నా నుంచి ఖాదర్ దగ్గరికి. "మీ ఇంట్లో తెగ తింటన్నారేటి బావా" అని నవ్వేవాడు. ఆల్మాజ్ మొదట్లో ప్రతిసారీ అడిగేది, నువ్వే కోశావా అని. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. మానేశాక నాకు నిద్ర పట్టలేదు. అనుమానించేవాళ్ళని మోసం చెయ్యడం నాకు తెలుసు, గేటు దగ్గర రోజూ చూస్తాను. అనుమానం మానేసిన మనిషిని మోసం చెయ్యడం వేరే రకం.

అసలు సంగతి నాకు ఇద్రీస్ వల్ల తెలిసింది. ఒకరోజు అతని హోటల్లో మాటల్లో పెట్టి, ఆల్మాజ్‌కి ముసల్మానులంటే పడదా, అని అడిగాను. అతను ఆశ్చర్యంగా చూశాడు. క్రైస్తవులు కోసింది మేమూ తినం కదా, అన్నాడు. వాళ్ళ ఊళ్ళల్లో పక్కపక్క ఇళ్ళు, ఒకరి పెళ్ళికి ఒకరు వెళతారు. క్రైస్తవుడి పెళ్ళిలో ముసల్మాను నేస్తాల కోసం ముసల్మానునే పిలిచి విడిగా కోయించి విడిగా వండిస్తారట, ముసల్మాను ఇంట్లోనూ అలాగే క్రైస్తవుల కోసం. నువ్వు తినలేనిది నీ పళ్ళెంలో పడదు అని ఒకరికొకరు ఇచ్చుకునే నమ్మకం అది. పొరపాటున తింటే? అన్నాను. మతం వదిలేసినంత పని, అన్నాడు. తెలిస్తే వాళ్ళ గురువు దగ్గరికెళ్ళి చెప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకుంటారట. తెలియకపోతే? అన్నాను.

అతను నాకే ఎదురు ప్రశ్న వేశాడు. ఆవిడకి ఎవరు కోస్తున్నారు, అని అడిగాడు. నేనే, అన్నాను. అతను నా చేతుల వంక చూశాడు. అతను వారం వారం ఖాదర్ కొట్టుకి వచ్చే మనిషి. నన్ను అక్కడ కోళ్ళ సంచితో చూశాడా? చూసి ఉంటాడా? ఆవిడకి చెబుతాడా? ఇంటికి వచ్చే దాకా ఇదే. నేను చేసిన దానికి కాదు, దొరికిపోతానేమోనని ఆ బెంగ. చిన్నచూపు అని నేను అనుకున్నది ఆవిడలో లేదని ఆ రోజే తెలిసింది. అయినా తర్వాతి ఆదివారం సంచి పట్టుకుని పాత ఊరికే వెళ్ళాను. ఇప్పుడు మానేస్తే ఎందుకు మానేశావంటారని.

ఏడాది దాటాక భర్త వచ్చాడు. పీహెచ్‌డీ అయిపోయింది, ఇంక వెళ్ళిపోతారు. ఆల్మాజ్ ఫోన్ చేసింది. వీడ్కోలు భోజనానికి రమ్మంది. "ఈసారి ఈయన కోస్తాడు, నా కత్తి పట్టుకురా అన్నయ్యా" అంది. బీరువా మీంచి తీశాను. దుమ్ము దులిపాను. జేబులో పెట్టుకుని వెళ్ళి ఇచ్చాను.

ఆవిడ చేతిలోకి తీసుకుని ముడి మీద వేళ్ళు పెట్టింది. అక్కడ ఆగిపోయింది.

నాకు అప్పుడు కనపడింది. రెండు మెలికలు, కొస లోపలికి. ఆవిడ వేసిన ముడి, ఆవిడ వేసినట్టే ఉంది. తెగని సీలు అంటే ఏమిటో ఈ ఊళ్ళో నాకన్నా ఎవరికి తెలుసు? దాని మీదే కదా నా బతుకు. దుమ్ము దులిపిన నాకు ముడి కనపడలేదు.  ఆవిడ నెమ్మదిగా విప్పింది. పైన పసుపుపచ్చగా మారిన గుడ్డ మడతల లోపల తెల్లగా ఉంది. కత్తి మీద ఆవిడ రాసిన నూనె ఎండి పొరకట్టి ఉంది. బొటనవేలితో ఒకసారి తడిమింది. భర్త వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఖాదర్ ఇంకా రాలేదు. గదిలో మేమిద్దరమే.

"నువ్వు నాకేటైనా సెప్పాలా అన్నయ్యా?"

కోపంగా అనలేదు. చాలా మెల్లిగా అడిగింది. తలుపు తీసి పట్టుకుని నిలబడినట్టు అడిగింది. నేను లోపలికి వెళ్ళాల్సింది. ఒక్క మాట చాలు.

"ఏం లేదమ్మా" అన్నాను.

ఆవిడ కత్తిని కడిగి భర్తకి ఇచ్చింది. భోజనాలయ్యాయి. అందరి నోళ్ళలో ముద్దలు పెట్టింది, నా దగ్గరికి రాలేదు. మరచిపోయిందా? కాఫీ రెండుసార్లు పోశాక డ్యూటీ ఉందని లేచాను. "కూర్చో. మూడోది తాగకుండా ఎవులూ ఎల్లరు" అంది, నా వంక చూడకుండా. కూర్చున్నాను. ఆ దీవెన కప్పు నా ముందు పెట్టింది. తాగాను. ఎందుకు పోసింది? తెలిసే పోసిందా? ఇంటికొచ్చిన మనిషికి పొయ్యకపోవడం తెలియక పోసిందా? అది క్షమించడం అని అనుకునే హక్కు నాకు లేదు, అనుకోను కూడా. ఆవిడకి తెలిసిపోయింది కాబట్టి ప్రాయశ్చిత్తం చేసుకునే ఉంటుందని మాత్రం నాకు నేను చెప్పుకుంటాను. అది కూడా నా సుఖం కోసమే. మరి ఆ పిల్లలు? ఏడ్చుకుంటూ తిన్న ఆ అమ్మాయి?

ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో బ్యూటీ పార్లర్ పెట్టారు. ఇథియోపియా తిండి మళ్ళీ నేను ముట్టలేదు. "సెల్లెమ్మ సేతి పప్పు మరెక్కడా రాదు బావా" అంటాడు ఖాదర్ అప్పుడప్పుడు. అవును బావా, అంటాను. అతనికీ చెప్పలేదు. గేటు దగ్గర మాత్రం ఇప్పటికీ, సీలు బాగుందని చేత్తో తట్టి లారీని వదిలేటప్పుడు, నా చెయ్యి ఒక్క క్షణం అక్కడే ఆగుతుంది.

ఆవిడ అడిగిన రోజు చెప్పాల్సిన మాట ఎంత పెద్దదోనని ఇన్నేళ్ళూ భయపడ్డాను. కాగితం మీద పెడితే ఇంతే ఉంది.

అమ్మా ఆల్మాజ్, నాను కొయ్యలేదు. ఖాదర్ కోశాడు, ఎవరికోసమో అతనికి తెలీదు. నీ కత్తి ముడి నాను విప్పనే లేదు.